ఇరవై కిలోమీటర్ల మడమ

ఆ వీధిలో మేకు అంటే గోడకి కొట్టేది కాదు, మనిషి. నలభై ఎనిమిదేళ్లవాడు, బూట్లూ చెప్పులూ బాగుచేస్తాడు. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య అయిదారు చిన్న మేకులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి మడమలోకి దిగేస్తాడు. ఆ పని చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. కాకపోతే ఇతగాడు పని లేనప్పుడు కూడా మేకులు నోట్లో పెట్టుకుంటాడు. ఎవరైనా ఇబ్బందిపెట్టే మాట అడగబోతున్నారని అనుమానం వస్తే చాలు, చెయ్యి దానంతటదే మేకుల డబ్బాలోకి పోతుంది. నోటినిండా మేకులున్నవాణ్ణి నిలదీసి జవాబు చెప్పమనేంత కఠినాత్ములు లోకంలో తక్కువ. ముప్ఫై ఏళ్లుగా ఆ ఒక్క ఉపాయంతోనే బతుకు నెట్టుకొస్తున్నాడు.

అతని కొట్టు వీధికంటే మూడు మెట్లు కిందకి ఉంటుంది. ఉన్నది ఒకటే కిటికీ. అది సరిగ్గా నడిచిపోయేవాళ్ల పాదాల ఎత్తున ఉంటుంది. అంచేత అతనికి ప్రపంచం మోకాళ్ల దాకానే తెలుసు. పోస్టుమాన్ అంటే లోపలికి ఒరిగిన నల్లబూట్లు. బ్యాంకు మేనేజరు అంటే పైన అద్దంలాంటి మెరుపు, కింద మూడు అతుకులు. ఎదురింటి పంతులమ్మ అంటే బొటనవేలి దగ్గర ఎప్పుడూ తెగే పట్టీ. బయట ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే ముందు కిందికి చూసి, ఎవరో పోల్చుకుని, ఆ తర్వాత మొహం చూసి నవ్వేవాడు. కొత్త చెప్పులేసుకున్న పాత స్నేహితుల్ని గుర్తుపట్టక మాటపడ్డ సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇలాంటివాడికి పెళ్లెలా అవుతుంది? అక్క ఏడు సంబంధాలు చూసింది. ఒకచోటికి అమ్మాయిని చూసి రమ్మని పంపితే, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసొచ్చి, "మనిషి కుడివైపుకి ఒరుగుతుందక్కా, ముందుముందు నడుంనొప్పి తప్పదు" అన్నాడు. తర్వాత తెలిసిందేమంటే ఆ చెప్పులు అమ్మాయివి కావు, వాళ్లమ్మవి. ఈ సంగతి ఆ ఇంటిదాకా చేరింది. ఆ పైన సంబంధాలు రావడం మానేశాయి. అక్క నెత్తి బాదుకుంది. తమ్ముడు నోట్లో మేకులు పెట్టుకున్నాడు.

అక్క కొట్టు మీదనున్న రెండు గదుల్లో ఉంటుంది. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయింది. కొట్టుకి కావలసిన టోకెన్లన్నీ ఇప్పటికీ ఆవిడే పాత మిషను మీద టైపు కొడుతుంది. నంబరు, వీధి పేరు, దాని కింద ఒక హెచ్చరిక: మూడు నెలల్లో తీసుకెళ్లని చెప్పులకు మా పూచీ లేదు. టోకెను మధ్యకి చింపి సగం చెప్పుకి కట్టాలి, సగం మనిషికివ్వాలి. సొంత అక్క చెప్పులు బాగుచేయించుకున్నా సరే టోకెను తీసుకోవాల్సిందే. కోర్టులో పనిచేసినవాళ్లకి కాగితం లేకపోతే ఊపిరాడదు.

గొడవంతా ఆ అక్క మోకాలితో మొదలైంది. మోకాలు నయమైతే దేవుడి కొండకి నడిచొస్తానని ఆవిడ మొక్కుకుంది. కొండ రెండొందల నలభై కిలోమీటర్ల దూరం, పన్నెండు రోజుల నడక. మోకాలు నయం కాలేదు.

"నయం కాలేదుగా అక్కా, ఇంక మొక్కు తీర్చేదేముంది?" అన్నాడు మేకు.

"ముందే తీర్చేస్తే ఆయనకీ మొహమాటం ఉంటుందిరా" అంది అక్క. "నేనెలాగూ నడవలేను. నా బదులు నువ్వెళ్లు."

ఆ దారికి ఒక పద్ధతుంది. మొక్కుకున్నవాళ్లు రాలేకపోతే వాళ్ల పాదరక్షలైనా రావాలి. ఎవరో ఒకరు వాటిని సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి, కొండ మీద మందిరం వెనక గోడవారగా విడిచి రావాలి. అక్క తన గోధుమరంగు తోలుచెప్పులు తుడిచి, కాగితంలో చుట్టి, తమ్ముడి సంచిలో పెట్టింది. మేకు చెయ్యి డబ్బాలోకి వెళ్లబోయింది. అక్క డబ్బా మూత పెట్టేసింది. మర్నాడు తెల్లారేసరికి అతను దారిలో ఉన్నాడు.

దేవుడి మీద అతనికి పెద్ద నమ్మకమూ లేదు, పగా లేదు. ఆయన ఏ చెప్పులు తొడుక్కుంటాడో తెలిసుంటే ఓ అభిప్రాయం ఏర్పడేదేమో. కానీ తన పనితనం మీద మాత్రం నమ్మకం జాస్తి. అందుకని యాత్ర కోసం ప్రత్యేకంగా తన చేతుల్తో కొత్త బూట్లు కుట్టుకుని తొడుక్కున్నాడు. కొత్త బూట్లతో దూరం నడవకూడదని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నవాడు. మొదటిరోజు మధ్యాహ్నానికే రెండు మడమలూ బొబ్బలెక్కాయి. సాయంత్రం సత్రంలో పక్కమంచం ఆయన ఆ బొబ్బలు చూసి, "ఎవడండీ ఈ బూట్లు కుట్టిన మహానుభావుడు?" అని అడిగాడు. మేకు తెలియదన్నాడు.

రెండోరోజు పొద్దున వాన పడి ఆగింది. దారంతా మెత్తగా తడిసింది. ఆ తడిలో తనకంటే ముందు వెళ్లినవాళ్ల అడుగులు వరసగా కనిపించాయి. మేకుకి బొబ్బల బాధ తగ్గింది. కిటికీ దగ్గర కూర్చున్నట్టే ఉంది, పైగా కిటికీ తనతోపాటే కదులుతోంది. అన్నిట్లోకీ ఒక అడుగు అతని ప్రాణానికొచ్చింది. పెద్ద బూటు, తొమ్మిదో నంబరు. బరువంతా బయటి అంచు మీదే పడుతోంది. అడుగుకీ అడుగుకీ మధ్య దూరం తక్కువ. కుడి మడమ ఒక మూల లేచిపోయి, కాలెత్తినప్పుడల్లా బురదని వెనక్కి చిమ్ముతోంది.

వెంటనే తీర్పు చెప్పేశాడు. అరవై దాటిన మగమనిషి. భారీ శరీరం. మోకాళ్లు పోయాయి. కాస్త తాగుడు కూడా ఉంది, లేకపోతే అడుగు అలా పక్కలకి పోదు. మడమ సంగతి పట్టించుకునే దిక్కు ఇంట్లో లేదు. పాపం, ఆ మడమ ఇంకో రోజు కూడా ఆగదు. ఎలాగైనా ఆ ముసలాయన్ని అందుకుని మడమ సరిచెయ్యాలని మేకు కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. ఊడబోతున్న మడమని చూసి ఊరుకోవడం అతనివల్ల కాదు. సుత్తి, సూది, మైనం పట్టించిన దారం, మేకుల డబ్బా ఎలాగూ సంచిలోనే ఉన్నాయి.

మూడోరోజు పదిగంటలప్పుడు ఆ ముసలాయన దొరికాడు. చిన్న వంతెన పిట్టగోడ మీద కూర్చుని, బూటు విప్పి, దాని ముందుకొనలోకి పాత పేపరు ఉండలు చేసి కూరుతున్నాడు. కాకపోతే ఆయన ముసలాడు కాదు, ఆయనా కాదు. నలభై నాలుగేళ్ల ఆడమనిషి. సన్నంగా, కమ్మీ పట్టుకోకుండా కదిలే బస్సులో నిలబడగలిగేటంత నిటారుగా ఉంది. నిజంగానే ఆవిడ ఉద్యోగం అదే, బస్సు కండక్టరు.

"ఈ బూట్లు మీవి కావు" అన్నాడు మేకు. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"కనిపెట్టారే" అందావిడ. "మావారివి. పోయి రెండేళ్లయింది. పోతూ పోతూ ఈ మొక్కొకటి నా నెత్తిన పెట్టి పోయాడు."

"సంచిలో పెట్టుకొస్తే సరిపోతుంది కదండీ. అదే పద్ధతి."

"సత్రంవాళ్లూ అదే చెప్పారు. బతికున్నన్నాళ్లూ ఆ మనిషి వీధి చివరి దుకాణానికి కూడా నడవలేదండీ. ఉప్పు కావాలన్నా నేనే, సిగరెట్టు కావాలన్నా నేనే. ఇరవై ఏళ్లు మోశాను. ఇంక మొయ్యను. ఈసారి ఆయన నడవాల్సిందే." అని పేపరు ఉండని ఇంకాస్త గట్టిగా కుక్కింది.

మేకు సంచిలోంచి సుత్తి తీశాడు. కానీ వాన మళ్లీ మొదలైంది. సాయంత్రం సత్రంలో చూద్దాం, అప్పటిదాకా మెల్లగా నడవండి అని చెప్పి, మడమ చుట్టూ దారం గట్టిగా కట్టిచ్చాడు. ఆ రోజంతా ఆవిడ వెనకే నడిచాడు.

సత్రం వసారాలో బల్ల మీద కూర్చుని ఆ సాయంత్రం పని మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ జేబులోంచి టోకెను తీసి, సగం చింపి ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇరవై రెండేళ్లుగా నేను లోకానికి టికెట్లిస్తున్నా. నాకెవరూ ఇవ్వలేదు" అని నవ్వి పర్సులో పెట్టుకుంది. తర్వాత, "మీకు పిల్లలెందరు మేస్త్రీ గారూ?" అని అడిగింది. మేకు వెంటనే నోట్లో నాలుగు మేకులు పెట్టుకున్నాడు.

"పర్లేదు, మేకులు తీశాకే చెప్పండి. నేను ఆగుతా" అందావిడ.

ఆగింది కూడా. ముప్ఫై ఏళ్లలో అలా ఆగినవాళ్లు లేరు. అందరూ సర్లెమ్మని వెళ్లిపోయినవాళ్లే. మేకు ఒక మేకు కొట్టాడు, రెండోది కొట్టాడు. ఈలోగా ఆవిడ ఊరికే కూర్చోలేక తన బస్సు కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేస్తుందిట. ఒకాయన ప్రతి సోమవారం చచ్చిపోయిన అత్తగారి పాసుతో ఎక్కేవాడట. చెబుతూ తానే నవ్వింది. పెద్ద గొంతు, వసారా చివర టీ తాగుతున్నవాళ్లు కూడా కారణం తెలియకుండానే నవ్వారు. మేకుకి ఎక్కడో లోపల, మేకుల డబ్బా కన్నా లోపల, చాలా సంతోషంగా అనిపించింది.

ఆ మడమకి నాలుగు మేకులు పడాలి, చుట్టూ కుట్టు పడాలి. అది చేస్తే ఆ బూటు కొండెక్కి దిగి ఇంకో అయిదేళ్లు నడుస్తుంది. ఆవిడ నడక చురుకు. రేపు పొద్దున చక్కా వెళ్లిపోతుంది. బొబ్బల కాళ్లతో తను అందుకోలేడు. మూడో మేకు పెదాల మధ్యే ఉండిపోయింది.

"అయిందండీ" అన్నాడు. "పాత తోలు. రేపు సాయంత్రం మళ్లీ ఒకసారి చూడాలి."

అదీ అతను చేసిన వెధవపని. తోలు పాతదే, కానీ దుక్కలాంటి తోలు. రెండు మేకులు, అంచుల్లో మాత్రం కాస్త జిగురు. సత్రానికీ సత్రానికీ మధ్య ఇరవై కిలోమీటర్లని సత్రం గోడ మీద పటంలో ఉంది. మడమ సరిగ్గా ఇరవై కిలోమీటర్లు ఆగేలా చేశాడు. చెడ్డపని కూడా అంత కొలతగా చెయ్యడం చేతకాని పనివాడి వల్ల కాదు. ఏడు సాయంత్రాలు అలాగే గడిచాయి. ఆవిడ తూచా తప్పకుండా వచ్చి బల్ల మీద కూర్చునేది, మడమ ఊగిసలాడుతూ ఉండేది, మేకు రెండంటే రెండు మేకులు కొట్టేవాడు.

ఆ ఏడు సాయంత్రాల్లో అతను మాట్లాడినంత మాట జన్మలో మాట్లాడలేదు. కిటికీ గురించి చెప్పాడు. అక్క టోకెన్ల గురించి చెప్పాడు. చెప్పులు చూసొచ్చిన పెళ్లిచూపుల సంగతి చెబితే ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. తను అనుకున్న తాగుబోతు ముసలాయన సంగతి కూడా చెప్పేశాడు. "తప్పేం లేదు, మా ఆయన్ని చక్కగా గుర్తుపట్టారు, మోకాళ్లతో సహా" అందావిడ. కిక్కిరిసిన భోజనాల గదిలో ఆవిడ లేచి, "లోపలికి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అంటే ముప్ఫైమంది యాత్రికులు ఎందుకో తెలియకుండా జరిగేవాళ్లు.

"నా మొహం కాళ్ల కింద లేదు మేస్త్రీ గారూ, కాస్త పైకి చూసి మాట్లాడండి" అంది ఆరోరోజున. పైకి చూశాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గీతలాంటి మచ్చ ఉంది. ఎప్పుడో సడన్ బ్రేకుకి సీటు కమ్మీ తగిలిందిట. మేకు ఆ మచ్చని అవసరమైనదానికంటే ఎక్కువసేపు చూశాడు. ఆ రోజు నుంచి ఎవరి మొహమైనా ముందు పైనుంచి చూడటం అలవాటైంది, ఒకటి రెండుసార్లు రాళ్లు తన్నుకుని పడబోయాడు కూడా.

ఇంత జరిగినా మూడో మేకు మాత్రం పడలేదు. రోజూ పొద్దున ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాడు. సాయంత్రం అయ్యేసరికి, ఇంకొక్క రోజు అనుకునేవాడు.

పదోరోజు మధ్యాహ్నం మూడింటికి సత్రం చేరారు. తలుపుకి తాళం, తలుపు మీద కాగితం. పైకప్పు మరమ్మతు, యాత్రికులు పై సత్రానికి వెళ్లగలరు. పై సత్రం ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. మబ్బు పట్టింది. మేకు సంచి దించాడు.

"ఒకసారి మడమ చూస్తానండీ" అన్నాడు.

"వాన పడేలోగా చేరాలి. సాయంత్రం చూద్దురుగాని, ఎప్పుడూ చూసేదేగా. పదండి" అందావిడ.

అప్పుడు చెప్పాల్సింది. ఈ మడమ ఇరవై కిలోమీటర్లకే చేశాను, ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యకండి అని నోరు విప్పి చెప్పాల్సింది. చెబితే ఎందుకలా చేశావని అడుగుతుంది. జేబులో చెయ్యి పెట్టి మేకు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఆవిడ ముందు నడిచింది. మొదటి కిలోమీటరు ఏం కాలేదు. రెండోది కూడా గడిచింది. అతని చూపంతా ఆ కుడి మడమ మీదే ఉంది, కాలు గాలిన పిల్లిలా వెనకాల నడుస్తున్నాడు. మూడో కిలోమీటరులో దిగుడు వచ్చింది, తడి రాళ్లు. మడమ ఊడి పక్కకి ఎగిరింది. ఆవిడ పాదం మడతపడి, అరిచేలోగా కింద పడిపోయింది.

ఎముక విరగలేదు. కానీ చీలమండ బన్నులా పొంగింది. మేకు ఆవిణ్ణి రాతి మీద కూర్చోబెట్టి, తడిగుడ్డ కట్టి, మడమ వెతికి తెచ్చాడు. నోట్లో మేకులు పెట్టుకుని సుత్తి తీశాడు. ఆవిడ ఆ మడమ అతని చేతిలోంచి లాక్కుని తిప్పి చూసింది. పాత కన్నాలు నాలుగున్నాయి. మేకులు రెండే ఉన్నాయి.

"ఏడు సాయంత్రాలు చేశారు దీన్ని" అంది. "ఏడు సాయంత్రాలు చేసిన మడమలో రెండు మేకులేంటి? మీ మడమలు అయిదేళ్లు ఆగుతాయని మీరే కదా చెప్పారు?"

ఆవిడ ఆగింది. మొదటి సాయంత్రం ఆగినట్టే ఆగింది, కానీ ఈసారి నవ్వడం లేదు. అతను మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు.

"కావాలనే చేశానండీ. బాగా చేసేస్తే మీరు మళ్లీ రారని."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేర్చిన తిట్లు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లని, పాసులు దిద్దేవాళ్లని తిట్టిన తిట్లు, అన్నీ తిట్టింది. మేకు ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. తర్వాత రెండో బూటు కూడా విప్పి అతని ముందు పడేసింది.

"ఇవి కొండెక్కాలి. నేను నడిపించలేను, నీ పుణ్యమా అని. నువ్వు తొడుక్కో. నీకు సరిపోతాయిగా."

సరిపోతాయి. మేకుది తొమ్మిదో నంబరు.

"మడమ కొట్టుకో. రెండే మేకులు. మూడో మేకు పడిందా, ఈ సుత్తి నీ నెత్తిన పడుతుంది. నీ సంచిలో మీ అక్క చెప్పులున్నాయన్నావు. ఇటివ్వు."

అలా అక్క చెప్పులు కండక్టరమ్మ కాళ్లకెక్కాయి, చచ్చినాయన బూట్లు మేకు కాళ్లకెక్కాయి. మిగిలిన రెండు రోజులూ ఆవిడ చేతికర్ర పట్టుకుని కుంటుతూ ముందు నడిచింది. ఇతను ఊగే మడమతో వెనక నడిచాడు. గంటకోసారి మడమ ఊడేది. మేకు మొనలు అరికాల్లో దిగేవి. పాత బొబ్బల మీద కొత్త బొబ్బలొచ్చాయి. ఆ మడమ చేసినవాణ్ణి తిట్టుకుందామన్నా తిట్టుకునే వీలు లేకపోయింది. ఆవిడ మాట్లాడటం మానేసింది. అతను మడమ కొట్టుకోవడానికి కూర్చుంటే "హోల్డాన్" అనేది, లేచి నిలబడితే "రైట్" అనేది. రెండు రోజుల్లో ఆ రెండు మాటలు తప్ప మూడో మాట లేదు. ఆవిడ ఆగకుండా వెళ్లిపోవచ్చు కదా, ఎందుకు ఆగుతోంది అని మాత్రం అతను అనుకునేవాడు. అడగడానికి మొహం చెల్లలేదు.

పన్నెండోరోజు మధ్యాహ్నానికి కొండెక్కారు. మందిరం వెనక గోడ పొడవునా వందల జతలు. మెరిసేవి, చిరిగినవి, ఒకచోట పసిపిల్లల బూట్లు కూడా. మేకు బూట్లు విప్పి, రక్తం మరకలు తుడిచి, తొమ్మిదో నంబరు జతని గోడవారగా తిన్నగా పెట్టి పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ ఆ బూట్ల ముందు నిలబడింది. "వచ్చావుగా" అంది వాటితో. "ఇంక కూర్చో."

అని ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఎలాంటివాడైనా ఇరవై ఏళ్లు ఒక ఇంట్లో ఉన్నారు. మేకు వట్టికాళ్లతో అక్కడే నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోవాలని ఉంది. ఆ హక్కు రెండు రోజుల కిందట ఆ తడి రాళ్ల మీద పోగొట్టుకున్నానని కూడా తెలుసు. చాలా సిగ్గుపడ్డాడు.

ఆవిడ మొహం తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"నీ మొహం చూసి మొదటిరోజే అనుకున్నా, టికెట్టు లేకుండా ఎక్కినవాడి మొహమని. ఎక్కడ దొరుకుతావో చూద్దామనుకున్నా. రేపు కూడా నాతో నడుస్తారా అని అడిగుంటే ఆగేదాన్ని కదయ్యా. ఆ మాత్రం అడగడానికి నోట్లో ఏం అడ్డమొచ్చింది?"

అంతలో కిందికెళ్లే బస్సు వచ్చింది. ఆవిడ కుంటుకుంటూ ఎక్కేసింది. తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది, అక్క చెప్పులు ఇంకా ఆవిడ కాళ్లకే ఉన్నాయి.

ఇంటికి రాగానే అక్క అడిగిన మొదటి ప్రశ్న, చెప్పులు ఎక్కడ పెట్టావు, గోడకి ఏ మూల అని. మేకు మేకుల డబ్బా జోలికి పోకుండా మొదటినుంచీ చివరిదాకా అంతా చెప్పేశాడు. అక్క నోరు తెరుచుకుని విన్నది. తమ్ముడు అన్ని వాక్యాలు వరసగా మాట్లాడటం ఆవిడకదే మొదటిసారి.

"రెండు మేకులా? మన కొట్టు పేరేం కావాలిరా?" అంది ముందు. తర్వాత, "నా మోకాలి సంగతేంటి, దేవుడికి ఏం చెప్పను?" అంది. చివరికి, "ఆ బూట్లకి టోకెనిచ్చావా?" అంది.

"మొదటిరోజే ఇచ్చా."

"అయితే మూడు నెలలు ఆగు. రూలు ప్రకారం అప్పటిదాకా మన పూచీ."

మేకు ఆగాడు. ఆగడం తనకి చేతకాదని అప్పుడే తెలిసింది. ఎవరి చెప్పు తెచ్చినా నాలుగు మేకులకి ఆరు కొట్టడం మొదలుపెట్టాడు, ఒక వరస కుట్టాల్సినచోట మూడు వరసలు కుట్టాడు. బ్యాంకు మేనేజరు తన బూట్లు తొడుక్కుని, కాళ్లు ఎత్తలేకపోతున్నానని మొరపెట్టుకున్నాడు. కిటికీలోంచి గోధుమరంగు చెప్పు కనబడితే చాలు, సుత్తి వేలి మీద పడేది. ఒకవారం, రెండువారాలు, మూడువారాలు. ఎడమచేతి బొటనవేలు నల్లబడింది. ఆవిడ ఆ చెప్పులు ఏ చెత్తబుట్టలోనో పడేసి ఉంటుందని ఒకరోజు గట్టిగా నమ్మేశాడు. ఆ రోజు కొట్టు మధ్యాహ్నమే కట్టేసి పైకెళ్లి పడుకున్నాడు. అక్క టీ పెట్టిచ్చింది.

నాలుగోవారం, ఒక సాయంత్రం అయిదున్నరకి కిటికీలోకి ఒక జత చెప్పులొచ్చి ఆగాయి. గోధుమరంగు. బరువంతా బయటి అంచు మీద. కుడికాలు కాస్త జాగ్రత్తగా ఆనుతోంది. అవి కొంచెం ముందుకెళ్లాయి, వెనక్కొచ్చాయి, మళ్లీ ఆగాయి. తర్వాత మెట్ల వైపు తిరిగాయి. మేకు లేచి నిలబడ్డాడు. చెయ్యి డబ్బా మీదకి పోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపుకున్నాడు. ఈసారి కిందికి చూడలేదు. తలుపు తెరుచుకునేసరికి కనుబొమ్మ మధ్యలో ఉన్న మచ్చ వైపే చూస్తున్నాడు.

ఆవిడ ఖాకీ బట్టల్లోనే ఉంది, డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. పర్సులోంచి సగం టోకెను తీసి బల్ల మీద పెట్టింది. చెప్పులు విప్పి దాని పక్కన పెట్టింది. లోపలి మెట్ల మీద అక్క కర్ర చప్పుడు వినబడి, సగంలో ఆగిపోయింది.

"మీ అక్కగారివి. మడమ అరగ్గొట్టాను" అంది. "బాగుచెయ్యాలి."

"రేపు కూడా వస్తారా?" అన్నాడు మేకు. నోట్లో ఒక్క మేకు కూడా లేదు. "చెప్పుల కోసం కాదు. చెప్పులు ఇప్పుడే చేసిచ్చేస్తాను, పావుగంట పని. ఊరికే రమ్మంటున్నా."

ఆవిడ అతని మొహం వంక చూసింది. బస్సులో టికెట్టు అడిగేముందు చూసినట్టు, తీరిగ్గా, పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత గోడకానించి ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"పావుగంటేం వద్దు" అంది. "రోజుకో మేకు కొట్టు."